ప్రతి గ్యాప్‌నీ తానే పూడ్చిన రైడర్: ఒక అమెచ్యూర్ రోడ్ రేస్ కేసు

రోడ్ రేసింగ్ కోచింగ్ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే, కాళ్ళలో బలం ఎలా పెంచుకోవాలని. ఈ కేసులో రైడర్‌కు బలం ముందే ఉంది. ఆ సంగతి నాకు అర్థం కావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నేను అతనికి ఇంకా బలమే ఇస్తూ పోయాను. అది నా పొరపాటు. నాలాంటి కోచ్‌లు ఇంకెవరైనా ఇదే చేస్తున్నారేమోనని వివరంగా రాస్తున్నాను. రైడర్ అనుమతి ఉంది. పేరు, క్లబ్బు, రేసులు, ఊళ్ళు వదిలేశాను. కొలతలు కొద్దిగా మార్చాను కానీ వాటి మధ్య పొంతన చెడనివ్వలేదు.

నేపథ్యం

వయసు 36, ఐటీ ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. 2020 లాక్‌డౌన్ తర్వాత సైకిల్ ఎక్కి, మూడేళ్ళలో రేసుల దాకా వచ్చాడు. ఉండేది హైదరాబాద్ పడమటి వైపు. వారంలో మూడు రోజులు తెల్లవారుజామున ఇంట్లో సైకిల్ బిగించి తొక్కే ట్రైనర్ మీద, ఒకరోజు ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద, ఆదివారం చిలుకూరు, శంకర్‌పల్లి, ఒక్కోసారి వికారాబాద్ గుట్టల దాకా. ఇదంతా ఒంటరిగానే. పిల్లలు లేచేలోపు ఇంట్లో ఉండాలి కాబట్టి టీ దగ్గర ఆగే గుంపులతో అతనికి కుదరదు. ఈ విషయం మొదటి రోజే నోట్సులో రాసుకున్నాను. కుటుంబ పరిస్థితి కిందే రాశాను తప్ప, సమస్య ఇక్కడే ఉండొచ్చని అనుకోలేదు.

బరువు 66 కిలోలు. ఇంచుమించు గంటసేపు నిలబెట్టగల శక్తి, అంటే మేం ఎఫ్‌టీపీ అనేది, 262 వాట్లు. కిలోకు దాదాపు 4 వాట్లు. ఇక్కడి అమెచ్యూర్ రేసుల్లో ముందువరుసలో ఉండాల్సిన లెక్క అది. 5 సెకన్ల స్ప్రింట్ మాత్రం 880 వాట్లే.

సమస్య

అంతకుముందు సీజన్‌లో ఆరు రేసులు. వచ్చిన స్థానాలు 9, 11, 7, 14, పంక్చర్‌తో మధ్యలో ఆగినది ఒకటి, మళ్ళీ 11. అన్నిట్లోనూ కథ ఒక్కటే. ఎక్కుడులో అందరికంటే ముందుంటాడు. చివరి 5 కిలోమీటర్లలో కాళ్ళు పట్టేస్తాయి. తనకంటే బలహీనులని తనకు కచ్చితంగా తెలిసినవాళ్ళు పక్కనుంచి దాటి వెళ్ళిపోతారు. మొదటిసారి కూర్చున్నప్పుడు అతనన్న మాట నాకింకా గుర్తుంది: "అన్నా, నా చక్రం పట్టుకొని వచ్చినోళ్ళే నన్ను దాటి పోతున్రు. నాకు కాళ్ళే సాలుతలేవా?"

చక్రం పట్టుకోవడమంటే ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా, గాలి తగలకుండా అతని నీడలో రావడం. జవాబు ఆ మొదటి వాక్యంలోనే ఉంది. నేను రెండో వాక్యం పట్టుకున్నాను.

మొదట చేసినవి, ఫలించనివి

నా ఆలోచన ఇలా సాగింది. చివర్లో అలసిపోతున్నాడంటే రేసు అతని సామర్థ్యానికి మించి ఉంది. ఎఫ్‌టీపీ పెంచితే అదే రేసు అతనికి తేలికవుతుంది. 14 వారాల ప్రణాళిక వేశాను. వారానికి రెండు థ్రెషోల్డ్ సెషన్లు (ఎఫ్‌టీపీ దగ్గరి శక్తితో తొక్కేవి), ఒక పొడవాటి రైడ్. చెప్పినవన్నీ చేసే మనిషి. 262 కాస్తా 276 అయ్యింది. ఇద్దరం సంతోషించాం. తర్వాతి రేసులో 10వ స్థానం వచ్చింది.

అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. నేను లోపాల జాబితాలో తర్వాతి దానికి వెళ్ళిపోయాను, అంటే స్ప్రింట్‌కి. ఎనిమిది వారాలు జిమ్‌లో బరువులు, రోడ్డు మీద నిలబడి చేసే స్టార్టులు. తాజా కాళ్ళతో 880 నుంచి 940కి వచ్చాడు. రేసు చివర మాత్రం సైకిల్‌కున్న పవర్ మీటర్‌లో కనపడింది 690. తాజాగా ఎంత స్ప్రింట్ చేయగలడన్నది అక్కడ లెక్కలోకే రాలేదు, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి తాజాదనం ఏమీ మిగల్లేదు. మధ్యలో అతను ఖరీదైన లోతైన రిమ్ముల చక్రాలు కూడా కొన్నాడు. వాటితో ఫలితంలో తేడా రాలేదు.

ఇప్పుడు వెనక్కి చూస్తే నేనెందుకు అటు వెళ్ళానో స్పష్టంగా తెలుస్తోంది. పవర్ మీటర్ చేతిలో ఉంది, అది కొలవగలిగింది కొలిచాను, కొలిచినదాన్ని పెంచాను. రైడర్ ఎంత శక్తి పెట్టాడో మీటర్ చెబుతుంది. పెట్టాల్సిన అవసరం ఉందా అన్నది దానికి తెలియదు. పైగా అదనంగా వచ్చిన 14 వాట్లతో అతను గుంపు ముందు ఇంకాసేపు లాగగలిగాడు. నేను పెంచిన బలం ఎదుటివాళ్ళకు నీడగా ఉపయోగపడింది.

మలుపు

తర్వాతి రేసుకు నేనే వెళ్ళాను. 18 కిలోమీటర్ల చుట్టు, నాలుగు రౌండ్లు. ఒక మిత్రుడి బండి వెనక కూర్చొని, నిర్వాహకుల అనుమతితో గుంపు వెనకనుంచి ఫోన్‌లో వీడియో తీశాను. మా రైడర్ 11వ స్థానంలో వచ్చాడు. గెలిచిన అబ్బాయి బరువు కూడా దాదాపు 66 కిలోలే. అడిగితే తన పవర్ మీటర్ ఫైల్ ఇచ్చాడు, అతనికి నా కృతజ్ఞతలు.

రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచాను. ఇద్దరి సగటు వేగం ఒకటే, గంటకు 38 కిలోమీటర్లు. గెలిచినవాడి సగటు శక్తి 171 వాట్లు, మావాడిది 214. గెలిచినవాడు మొత్తం సమయంలో 24 శాతం పెడల్ తొక్కకుండా ఊరికే జారాడు. మావాడు 9 శాతం. ఒక్కసారిగా శక్తి పెంచి 400 వాట్లు దాటిన కుదుపులు మావాడికి 23, అతనికి 8. ఆ 8లో ఆరు చివరి రౌండ్‌లోవే.

కొత్త రైడర్ల కోసం ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు పోతున్నప్పుడు మనతో పోరాడేది దాదాపు మొత్తం గాలే. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 40 నుంచి 44కి పోవాలంటే వేగం పెరిగేది పదో వంతు, శక్తి పెట్టాల్సింది మూడో వంతు ఎక్కువ. అదే ఒకరి వెనక దగ్గరగా ఉంటే పాతిక నుంచి ముప్పై శాతం మిగులుతుంది. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది సైక్లిస్టుల గుంపు మీద చేసిన పరిశోధనలో, గుంపు నడి వెనక భాగంలో ఉన్నవాడి మీద పడే నిరోధం ఒంటరిగా పోయేవాడితో పోలిస్తే 5 నుంచి 10 శాతమేనని తేలింది. మన రేసుల్లో 30, 40 మంది ఉంటారు, అంత లాభం రాదు. కానీ లెక్క పోయే దిక్కు అదే.

రెండో సంగతి, థ్రెషోల్డ్ పైన ఖర్చు పెట్టే శక్తి. అది ఒక చిన్న కుండలో నీళ్ళలాంటిది. ఇలాంటి రైడర్‌కు సుమారు 20 కిలోజౌళ్ళు ఉంటుందనుకోవచ్చు. అంటే థ్రెషోల్డ్‌కు 100 వాట్లు పైన తొక్కితే 200 సెకన్లలో ఖాళీ. మావాడి కుదుపు ఒక్కోటి సగటున 20 సెకన్లు, థ్రెషోల్డ్ కంటే 150 వాట్లు పైన. ఒక్కోదానికి 3 కిలోజౌళ్ళు పోతాయి. ఏడు కుదుపులకు కుండ అడుగు కనపడుతుంది. థ్రెషోల్డ్ కింద ఉన్నంతసేపూ కుండ మెల్లగా నిండుతుంది, నిజమే. కానీ మావాడు కుదుపుకీ కుదుపుకీ మధ్య కూడా గుంపు ముక్కు దగ్గర గాలిలోనే ఉన్నాడు. నిండే తీరిక దానికి లేదు.

ఆ వారం ఇద్దరం రెండు గంటలు కూర్చున్నాం. వీడియో ఆపి ఆపి 23 కుదుపుల్లో ఒక్కోదాని దగ్గరా ఒకటే అడిగాను: "ఇక్కడెందుకు పోయావు?" మొదట్లో "గ్యాప్ కనబడ్డది" అన్నాడు. తర్వాత "ఎవ్వరు పోతలేరు కదన్నా" అన్నాడు. పద్నాలుగో దానికి మాట రాలేదు, వీడియో వైపు చూస్తూ ఉండిపోయాడు. తెరమీద అతను తల వంచి లాగుతున్నాడు. వెనక ఆరుగురు వరుసగా ఉన్నారు, అందులో మూడోవాడు అరటిపండు తొక్క తీస్తున్నాడు.

అతను గ్యాప్‌ను చూసి ఓర్చుకోలేడు. ఒంటరిగా నేర్చుకున్నవాడు కాబట్టి ముందున్న దూరాన్ని తగ్గించడమే సైక్లింగ్ అని అతని ఒళ్ళు నేర్చుకుంది. 23 గ్యాపుల్లో 18 రెండు నిమిషాల్లోపు వాటంతట అవే మూసుకుపోయేవి. ముందుకు పోయినవాళ్ళు ఒంటరివాళ్ళు, ఎదురుగాలిలో ఉన్నారు, లేదా పెద్ద క్లబ్బులకు వాళ్ళను వదిలిపెట్టే ఉద్దేశం లేదు. నిజంగా స్పందించాల్సినవి రెండో మూడో.

మొదటి మందు, దాని దుష్ఫలితం

నేనొక నిషేధం పెట్టాను. మొదటి 54 కిలోమీటర్లు, అంటే మూడు రౌండ్లు, గుంపు ముందుకు రాకూడదు, దేనివెంటా పోకూడదు. అలవాటు బలమైనది కాబట్టి మందు కూడా బలంగా ఉండాలనుకున్నాను.

అతను తు.చ. తప్పకుండా పాటించాడు. గుంపు చిట్టచివర కూర్చున్నాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ ముందువాళ్ళు బ్రేకు వేస్తే ఆ ఆలస్యం వెనక్కి పాకుతూ పెరుగుతుంది. ముందువాడు మలుపు దాటి వేగం అందుకునేసరికి చివరివాడు ఇంకా బ్రేకు మీదే ఉంటాడు, తర్వాత స్ప్రింట్ చేసి అందుకోవాలి. ముందు మిగిల్చింది వెనక మలుపుల్లో పోయింది. రెండో రౌండ్‌లో నలుగురు విడిపోయి వెళ్ళారు, ముగ్గురు పెద్ద క్లబ్బులవాళ్ళు. మావాడు చూశాడు. ఇది పోవాల్సిందే అని అతనికి అనిపించిందట. నేను వద్దన్నానని ఆగాడు. ఆ నలుగురూ గెలుపు పంచుకున్నారు. మావాడు 17. ఆ రోజు తప్పు నాది.

2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేస్‌లో జరిగింది కూడా ఇదే రకం. 137 కిలోమీటర్ల రేసు. ఆస్ట్రియాకు చెందిన గణితవేత్త అన్నా కీసెన్‌హోఫర్ మొదట్లోనే విడిపోయిన చిన్న గుంపులో ఉంది. అప్పటికి ఆమెకు ప్రొఫెషనల్ జట్టు కూడా లేదు. మిగతావాళ్ళంతా బలమైన నెదర్లాండ్స్ జట్టు వెంటాడుతుందని చూశారు. ఒలింపిక్స్‌లో రైడర్లకు రేడియోలు లేవు. మధ్యలో ఉన్నవాళ్ళను పట్టేశాక ముందు ఇంకెవరూ లేరని నెదర్లాండ్స్‌వాళ్ళు అనుకున్నారు. కీసెన్‌హోఫర్ 1 నిమిషం 15 సెకన్ల ముందు గెలిచింది. రెండోగా వచ్చిన అన్నెమీక్ వాన్ వ్లూటెన్ తానే గెలిచాననుకొని చేతులెత్తింది. ఈ కథ మావాడికి చెప్పాను. ప్రతి గ్యాప్‌నీ పూడ్చేవాడు ఎలా ఓడతాడో, ఏ గ్యాప్‌నీ పట్టించుకోని గుంపు కూడా అలాగే ఓడుతుంది. అతనికి కావలసింది నిషేధం కాదు, చూసి తేల్చుకునే శక్తి. అది చెప్తే వచ్చేది కాదు, సాధన చేయించాలి.

పనిచేసినవి

ముందు గుంపులో ఉండటం నేర్పాను. నెలలో రెండు ఆదివారాలు ఇంట్లో మాట్లాడి గుంపు రైడ్‌కు సమయం తెచ్చుకున్నాడు. ముందువాడి వెనక చక్రానికి అరమీటరు దూరంలో ఉండాలి, కళ్ళు మాత్రం చక్రం మీద కాకుండా అతని నడుము మీద, భుజాల మీదుగా ఇంకా ముందుకు ఉండాలి. చక్రం పక్కకు చక్రం తీసుకెళ్ళొద్దు. ముందువాడు కొద్దిగా జరిగితే పడేది వెనకవాడే. అతనికి బాగా పట్టింది మాత్రం చెవి. గాలి ఎటునుంచి వస్తోందో తెలియాలంటే తల కొంచెం తిప్పి వినాలి. చెవిలో హోరు తగ్గిన చోటే నీడ. గుంపులో అరమీటరు కుడికి, అరమీటరు ఎడమకు జరుగుతూ ఆ నిశ్శబ్దాన్ని వెతుక్కోమన్నాను. మూడో ఆదివారం రైడ్ మధ్యలో అతనే నన్ను పిలిచి, "అన్నా, ఇక్కడ సప్పుడు లేదు" అన్నాడు. పక్కగాలి అది. ముందువాడికి నేరుగా వెనక కాకుండా కుడివైపు కొంచెం జరిగి ఉన్నాడు. వాట్లు చూస్తే 60 తగ్గాయి.

గుంపులో చోటు 6 నుంచి 12 మధ్య. మలుపుల దెబ్బ తగలదు, గాలి తగలదు, ముందు ఏం జరుగుతోందో కనపడుతుంది.

వెంటాడటానికి మూడు అవకాశాలే ఇచ్చాను. ఎవరైనా విడిపోతే కదిలేముందు చూడాల్సినవి: పోయినవాళ్ళు ఎంతమంది, ఏ క్లబ్బులవాళ్ళు, గాలి ఎటు, ఎంత దూరం మిగిలింది. వీటన్నిటినీ కలిపే ప్రశ్న ఒకటుంది. ఆ గ్యాప్ పెరిగితే ఈ గుంపులో నాకంటే ఎక్కువ నష్టపోయేది ఎవరు? అలాంటివాడు ఉంటే వాడే లాగుతాడు, వాడి చక్రం పట్టుకో. ఎవరూ లేరంటే, అంటే పెద్ద క్లబ్బులన్నిటికీ ముందు మనిషి ఉంటే, ఆ గ్యాప్ నీదే, వెంటనే పో. ఆ 23 కుదుపుల వీడియో మీదే దీన్ని వారానికోసారి ఆడించాను. ఎక్కడో ఒకచోట ఆపి, పోవాలా వద్దా ఐదు సెకన్లలో చెప్పమంటాను. నెలన్నరకు జవాబు తడుముకోకుండా రావడం మొదలైంది.

తిండి విషయం కూడా బయటపడింది. మొదటి గంటలో ఏమీ తినడం లేదు, లాగుతున్నవాడికి చెయ్యి జేబులోకి పోదు కదా. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ ఖాయం చేశాం.

జూలై రేసు

అదే చుట్టు, నాలుగు రౌండ్లు. నైరుతి గాలి. పొద్దున ఆరింటికి పెద్దగా ఉండదు, ఎనిమిది దాటేసరికి పడమటి నుంచి గట్టిగా వీస్తుంది. చివరి రౌండ్‌కు అది పూర్తి బలంతో ఉంటుందన్నది మా లెక్క. చుట్టులో ఎక్కుడు 1.4 కిలోమీటర్లు, సుమారు 5 శాతం, పడమటి ముఖంగా. పైన 400 మీటర్ల చదును, తర్వాత కుడి మలుపు, అక్కడినుంచి చేల మధ్య ఉత్తరంగా పోయే రోడ్డు. మలుపు నుంచి ముగింపుకు 11 కిలోమీటర్లు.

ఎక్కుడులో అటాక్ చేస్తానన్నాడు, అతని బలం అక్కడే కాబట్టి. నేను వద్దన్నాను, ఈసారి కారణాలు చెప్పి. ఒకటి, ఎదురుగాలి, వెనక ఉన్నవాళ్ళకు నీడ దొరుకుతుంది. రెండు, అక్కడ అటాక్ వస్తుందని అందరికీ తెలుసు, పళ్ళు బిగించుకొని సిద్ధంగా ఉంటారు. మలుపు తర్వాత మాత్రం గాలి ఎడమనుంచి. నీడ కుడివైపు ఏటవాలుగా పరుచుకుంటుంది. రేసుకు ఇచ్చింది సగం రోడ్డే, మధ్య గీత దాటితే అనర్హత. ఆ వెడల్పులో నలుగురో ఐదుగురో పడతారు. ఆరోవాడు గీత పక్కన ఒంటి వరుసలో గాలి తింటాడు. కాబట్టి మలుపు మొదట తిరిగిన నలుగురిలో ఉండాలి.

నేను నీళ్ళ బాటిళ్ళతో ఎక్కుడు పైన నిలబడ్డాను. గుంపు పైకి వచ్చింది, మావాడు ఐదో చోట. అందరి నోళ్ళూ తెరుచుకొని ఉన్నాయి. ఒకతను బాటిల్ కోసం చెయ్యి కిందికి దించాడు. ఇంకొకతను జెర్సీ జిప్పు పైకి లాక్కుంటున్నాడు. ఎవరిదో చైన్ పెద్ద పళ్ళచక్రం మీదికి మారుతూ టక్కుమంది. సరిగ్గా ఆ రెండు సెకన్లలో మావాడు ఎడమ అంచునుంచి లేచాడు. అరవలేదు, తల తిప్పలేదు. మలుపు దగ్గర అతని వెనక ముగ్గురే ఉన్నారు. నాలుగోవాడికీ ఐదోవాడికీ మధ్య సైకిల్ పొడవున్నర ఖాళీ. ఆ ఖాళీ మళ్ళీ మూసుకోలేదు.

నలుగురూ చిన్న చిన్న పుల్స్‌తో, అంటే ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి కాసేపు లాగుతూ, తిప్పుకుంటూ పోయారు. మావాడి వాటా సమానం, కానీ ముందు 15 సెకన్లకు మించి ఉండలేదు. నలుగురిలో స్ప్రింట్ తక్కువ ఉన్నది అతనికే కాబట్టి చివరిదాకా ఆగకూడదు. 900 మీటర్లు ఉండగా, తన పుల్ అయిపోయి వరుస వెనక్కి చేరిన క్షణంలో, అక్కడినుంచే వెళ్ళాడు. ఇద్దరు ఊడిపోయారు. ఒకడు మాత్రం చక్రం పట్టుకున్నాడు, చివరి 100 మీటర్లలో దాటాడు. మావాడు రెండో స్థానం. సగటు శక్తి 186 వాట్లు. ముందు వాడిన వెంటాడే అవకాశాలు మూడులో రెండే.

ఆ సీజన్‌లో మిగిలిన మూడు రేసుల్లో 6, 3, 5. ఎఫ్‌టీపీ 274 దగ్గరే ఉంది, దాని జోలికి పోలేదు.

కోచ్‌గా నేను మార్చుకున్నవి

ఇది ఒక్క రైడర్ కథ. ఆ సంవత్సరం గాలి బాగా వీచింది, గుంపు రైడ్లూ తిండీ వీడియో సాధనా అన్నీ కలిపి చేశాం కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. అయినా నేనొకటి మార్చుకున్నాను. కొత్తవాళ్ళు వస్తే ముందు ఎఫ్‌టీపీ టెస్ట్ పెట్టడం లేదు. చివరి రేసు ఫైలూ, దొరికితే వీడియో తెమ్మంటున్నాను. పెడల్ ఆపిన సమయం ఎంత శాతమో ముందు చూస్తున్నాను. అది 12 లోపు ఉంటే బలం సంగతి పక్కన పెట్టి, గుంపులో ఎక్కడ కూర్చుంటున్నాడో అడుగుతున్నాను. నిషేధాలు పెట్టడం మానేశాను. కారణం చెప్పలేని సూచన రేసులో రైడర్ కళ్ళకు గంతలు కడుతుందని 17వ స్థానం వచ్చిన రోజున చూశాను.

చక్రం పట్టుకొని వచ్చి చివర్లో దాటేవాడి సంగతి ఇంకా తేలలేదు. 900 మీటర్ల దగ్గర వెళ్ళినప్పుడు ఒక్కడే వెంట వస్తే లాగడం ఆపాలా, ఆపితే వెనకనుంచి మిగతా ఇద్దరూ వస్తారు కదా? ప్రస్తుతం గురువారాలు పొద్దున్నే ముగ్గురం కలిసి ఔటర్ సర్వీస్ రోడ్డు మీద ఒక నిర్మానుష్యమైన ముక్కలో అదే ఆడుతున్నాం. ఒకరు వెళ్తారు, ఒకరు పట్టుకుంటారు, మూడోవాడు పదిహేను మీటర్ల వెనక నుంచి వస్తాడు. ఇప్పటివరకూ మావాడికి బాగా కుదురుతున్నది, 400 మీటర్ల దగ్గర రెండు సెకన్లు కాళ్ళు ఆపి, రోడ్డుకు గాలి వచ్చే వైపు కాక అవతలి అంచుదాకా జరిగి, వెనకవాడికి నీడ దొరికే చోటు లేకుండా చేసి మళ్ళీ లేవడం. పదిలో నాలుగుసార్లు పనిచేస్తోంది.